గాడ్జిల్లా గేమ్ ఎందుకంత స్లో? జెయింట్ మాన్‌స్టర్ ఫైటింగ్‌లో ప్లస్‌లు, మైనస్‌లు

జెయింట్ మాన్‌స్టర్ గేమ్ తయారు చేసేవాళ్లకి ఒక చిక్కు తప్పదు. స్క్రీన్ మీద ఉన్న జీవి కొండంత బరువుగా కనిపించాలి. కానీ మనం బటన్ నొక్కగానే మాట వినాలి. ఈ రెండిటికీ అస్సలు పడదు. బందాయ్ నామ్కో 2015లో పీఎస్4కి తెచ్చిన 'గాడ్జిల్లా' గేమ్ చూస్తే ఇది బాగా అర్థమవుతుంది.

ముందు ప్లస్‌లు

ఇందులో లుక్ అంతా పాత జపాన్ సినిమాలదే. ఆ సినిమాల్లో సూట్ వేసుకున్న నటుడు బొమ్మ ఊళ్లో నడిచేవాడు. కెమెరాని మామూలు కంటే ఎక్కువ స్పీడ్‌తో రన్ చేసి, ఆ షాట్‌ని సెకనుకి 24 ఫ్రేమ్‌లతో ప్లే చేసేవాళ్లు. దాంతో కదలిక స్లో అయ్యి, బొమ్మ బిల్డింగ్ కూలినా నిజమైనదే కూలినట్టు అనిపించేది. ఆ ఫీల్‌ని గేమ్ బాగా పట్టుకుంది. మొదట్లో మీ గాడ్జిల్లా ఎత్తు 50 మీటర్లు. ఊరిని ధ్వంసం చేసేకొద్దీ ఇంకా పెరుగుతుంది. ఫ్యాన్స్‌కి ఇది పండగే.

ఇక మైనస్‌లు

సినిమాలో స్లో అంటే బరువు. గేమ్‌లో అదే స్లో, ల్యాగ్‌లా అనిపిస్తుంది. ఎందుకంటే సినిమాని మనం చూస్తాం, గేమ్‌ని ఆడతాం. ఇందులో నడవడానికి స్టిక్, పక్కకి తిరగడానికి ఎల్1, ఆర్1 బటన్లు. శత్రువు వెనక్కి వస్తే తిరిగేలోపే దెబ్బ పడిపోతుంది. పైగా ఒకే టీవీ ముందు కూర్చుని ఫ్రెండ్‌తో ఆడే ఆప్షన్ లేదు, వెర్సస్ మోడ్ ఆన్‌లైన్‌లోనే. ఫైటింగ్ గేమ్‌కి ఇది పెద్ద లోటు.

మరి పరిష్కారం?

60 ఎఫ్‌పీఎస్ గేమ్‌లో ఒక ఫ్రేమ్ అంటే సుమారు 16.7 మిల్లీసెకన్లు. పంచ్ తగలడానికి ముందు 30 ఫ్రేమ్‌ల యానిమేషన్ పెడితే అర సెకను పోయినట్టే. బరువుని అక్కడ పెట్టకుండా, దెబ్బ తగిలాక చూపించొచ్చు: కెమెరా వణకడం, దుమ్ము లేవడం, గోడలు కూలడం.

మలేషియా స్టూడియో ప్యాషన్ రిపబ్లిక్ గేమ్స్ 2022లో తెచ్చిన 'గిగాబాష్' దాదాపు ఇదే దారి పట్టింది. క్యారెక్టర్లు చకచకా కదులుతాయి, భారీతనం చుట్టూ ఉన్న ఊళ్లో కనిపిస్తుంది. బిల్డింగ్ పీకి విసరొచ్చు, ఎనర్జీ నిండితే ఎస్-క్లాస్ సైజుకి పెరగొచ్చు. నలుగురు కలిసి ఒకే టీవీ మీద ఆడొచ్చు. దీనికీ లోపాలున్నాయి. నలుగురు తలోవైపు పోతే కెమెరా వెనక్కి జరిగి, మీ మాన్‌స్టర్ ఎక్కడుందో వెతుక్కోవాలి. స్టోరీ మోడ్ కూడా త్వరగా అయిపోతుంది.

ఏది తీసుకోవాలి? గాడ్జిల్లా సినిమాలంటే పిచ్చి ఉంటే మొదటిది. వీకెండ్‌లో ఫ్రెండ్స్‌తో ఆడాలంటే కళ్లు మూసుకుని గిగాబాష్. ఈసారి ఏ ఫైటింగ్ గేమ్ డెమో ఆడినా ఒక చిన్న టెస్ట్ చేయండి. పంచ్ బటన్ నొక్కిన వెంటనే డాడ్జ్ నొక్కండి. మీ క్యారెక్టర్ ఎంతసేపటికి మాట వింటుందో గమనించండి. గ్రాఫిక్స్ ఎంత బాగున్నా, ఆ గ్యాప్ చిరాకు పెడితే ఆ గేమ్‌ని మీరు ఎక్కువ రోజులు ఆడలేరు.