అటక మీది రాకెట్టు



ప్రతి ఏడూ ఈ సంచికకు నేను గుణింతాల గురించో, సంధుల గురించో ఏదో ఒకటి రాస్తుంటాను. ఈసారి రాకెట్ల గురించి రాస్తానంటే సంపాదకులు కాస్త ఆశ్చర్యపోయారు. కానీ పోయిన ఏడాది ఆదివారం తరగతి అయిపోగానే పిల్లలు నన్ను ఎక్కువగా అడిగిన ప్రశ్న ఒకటే: "అంకుల్, మళ్ళీ రాకెట్ ఎప్పుడు?" అందుకే ఈ వ్యాసం. ఇందులో కొంత కథ, కొంత పాఠం ఉన్నాయి. కథలో తప్పు నాది, పాఠం మాత్రం మనందరిదీ.

మేడ మీద నుంచి చూసిన రాకెట్టు

మాది సూళ్ళూరుపేట. నా చిన్నప్పుడు నెల్లూరు జిల్లాలో ఉండేది, 2022 నుంచి తిరుపతి జిల్లాలో ఉంది. మా ఊరి నుంచి పులికాట్ సరస్సు మీదుగా వెళ్ళే రోడ్డు శ్రీహరికోటకు చేరుతుంది. రాకెట్టు వదిలే రోజున ఊరంతా మేడల మీదే. ముందు తూర్పున వెలుగు కనబడేది. ఆ తరువాత ఒక నిమిషం దాటాక ఉరుములాంటి చప్పుడు వచ్చేది. పిల్లలూ, ఎందుకో చెప్పగలరా? శబ్దం సెకనుకు సుమారు 340 మీటర్లు మాత్రమే ప్రయాణిస్తుంది. ప్రయోగ వేదిక మాకు ఇరవై పైచిలుకు కిలోమీటర్ల దూరం. భాగహారం మీరే చేసి చూడండి.

1993 సెప్టెంబరు 20న పి.ఎస్.ఎల్.వి. మొదటిసారి బయలుదేరింది. మా కళ్ళకు చక్కగానే పైకి పోయింది. మేమంతా చప్పట్లు కొట్టాము. తీరా తరువాత తెలిసింది, అది కక్ష్యకు చేరకుండానే ఉపగ్రహంతో సహా సముద్రంలో పడిపోయిందని. నాకు ఏడుపొచ్చింది. మా నాన్నగారు మాత్రం, "ఎక్కడ తప్పు జరిగిందో కనుక్కుంటార్రా. కనుక్కున్నాక మళ్ళీ ఎగరేస్తారు" అన్నారు. నిపుణులు వెతికితే బయటపడిన కారణాల్లో నియంత్రణ సాఫ్ట్‌వేరులో దొర్లిన ఒక తప్పు కూడా ఉంది. దాన్ని దిద్దుకుని 1994 అక్టోబరు 15న రెండోసారి పంపితే ఉపగ్రహం కక్ష్యలోకి చేరింది. ఆ రెండు రోజులూ నాకు ఇప్పటికీ బాగా గుర్తు.

మోడల్ రాకెట్టు ఎలా పుట్టింది?

ఇంజనీరింగు పూర్తిచేసి పై చదువుకు అమెరికా వచ్చాక, ఒక బొమ్మల దుకాణంలో మోడల్ రాకెట్టు మొదటిసారి చూశాను. అట్టగొట్టం, ప్లాస్టిక్ ముక్కు, పల్చటి చెక్క రెక్కలు, లోపల పారాచూట్, అడుగున వేలెడంత ఇంజను. ఎగిరి, పారాచూట్ విప్పుకుని దిగితే, ఇంజను మార్చి మళ్ళీ ఎగరేయవచ్చు.

ఈ సరదా వెనుక ఒక చరిత్ర ఉంది. 1950లలో రాకెట్ల మీద మోజుతో ఇక్కడి కుర్రాళ్ళు ఇంట్లోనే మందు కలిపి గొట్టాల్లో కూరేవారు. అవి పేలి వేళ్ళు పోగొట్టుకున్నవాళ్ళు, ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్ళు ఉన్నారు. నెబ్రాస్కా రాష్ట్రంలోని నార్ఫోక్ పట్టణంలో చెప్పుల దుకాణం నడిపే ఓర్విల్ కార్లైల్ 1954లో ముందుగానే తయారుచేసిన ఇంజనుతో ఎగిరే తేలికపాటి రాకెట్టును రూపొందించాడు. 1957లో హ్యారీ స్టైన్ అనే ఇంజనీరు ఈ ప్రమాదాల గురించి పత్రికలో రాసిన వ్యాసం చదివి, తన రాకెట్లను ఆయనకు పంపాడు. అదే ఏడాది నేషనల్ అసోసియేషన్ ఆఫ్ రాకెట్రీ ఏర్పడింది, భద్రతా నియమాలు వచ్చాయి. మందు మనం కలపకూడదు, ఇంజను మనం చేయకూడదు అన్నదే ఈ ఆటకు పునాది. అంటే ఇది పుట్టిందే పిల్లల్ని కాపాడటానికి.

చదువుకునే రోజుల్లో, ఆ తరువాత ఉద్యోగంలో చేరిన కొత్తలో, స్నేహితులతో కలిసి డజన్ల కొద్దీ ఎగరేశాను. తరువాత పెళ్ళి, పిల్లలు, వీసా, ఇల్లు. 2008లో సామానంతా ఒక పెట్టెలో సర్ది, ఈ డాలస్ ఇంటికి వచ్చాక గరాజు అటక మీద పెట్టేశాను. పదిహేనేళ్ళు దాని ముఖం చూడలేదు.

మావాడి రాకెట్టు

2023 వేసవిలో మా అబ్బాయికి ఆ పెట్టె దొరికింది. వాడికప్పుడు పదకొండేళ్ళు. కొత్త రాకెట్టు కిట్ కొనిపెట్టమన్నాడు. రెండు వారాలు కూర్చుని రెక్కలు అతికించాడు, ఉప్పు కాగితంతో రుద్దాడు, ఎర్ర రంగు వేశాడు. గొట్టం మీద నల్ల రంగుతో "తాతయ్య" అని తెలుగులో రాశాడు. ఎవరూ చెప్పకుండా వాడు తెలుగులో రాసిన మొదటి మాట అదే.

ఇంజన్లు కొత్తవి కొందామనుకున్నాము. శనివారం పొద్దున్నే దుకాణానికి వెళ్ళే ఓపిక లేక, పెట్టెలో మిగిలిన పాత సి6-5 ఇంజను తీశాను. "పాతది కదా నాన్నా, పనిచేస్తుందా?" అని వాడు అడిగాడు. "నాకు తెలుసులేరా, ఇవి ఎన్ని ఎగరేశానో" అన్నాను.

మైదానంలో పదిహేను అడుగుల దూరంలో నిలబడి, లెక్కపెట్టి, వాడే మీట నొక్కాడు. ఢామ్మని చప్పుడు. రాకెట్టు చువ్వను దాటనైనా లేదు. ఇంజను పగిలి, మంట రెండు వైపులా చిమ్మింది. ముక్కు ఎగిరి దూరంగా పడింది. గొట్టం మాడిపోయింది, వాడు రాసిన అక్షరాలు మసిబారిపోయాయి. ముందురోజు వాన పడింది కాబట్టి గడ్డి అంటుకోలేదు. దూరంగా నిలబడ్డాము కాబట్టి ఎవరికీ ఏమీ కాలేదు. కారులో వస్తుంటే వాడు ఒకే ఒక్క మాటన్నాడు: "నీకు తెలుసు అన్నావుగా నాన్నా."

రెండు వారాలు వాడు గరాజు వైపు రాలేదు. ఆదివారం ఫోనులో మా నాన్నగారికి సంగతి చెప్పాను. ఆయన జాలిపడలేదు. "ఎందుకు పేలిందో చూశారా మీరిద్దరూ?" అని అడిగారు. ముప్ఫై ఏళ్ళ నాటి మేడ గుర్తొచ్చింది. ఆ సాయంత్రం మావాణ్ణి పిలిచి, "తప్పు నాదేరా. ఎక్కడ జరిగిందో కలిసి వెతుకుదామా?" అన్నాను. వచ్చాడు.

ఎందుకు పేలింది?

ఈ చిన్న ఇంజను లోపల నల్లమందును గట్టిగా నొక్కి, గట్టి కాగితపు గొట్టంలో బిగిస్తారు. అడుగున మట్టితో చేసిన సన్నని రంధ్రం ఉంటుంది. మందు మండితే వాయువులు ఆ రంధ్రంలోంచి కిందికి దూసుకుపోతాయి, రాకెట్టు పైకి పోతుంది. ఇదే న్యూటన్ మూడో గమన నియమం: చర్యకు సమానమైన, వ్యతిరేకమైన ప్రతిచర్య ఉంటుంది. మందు ఒక పొర తరువాత ఒక పొరగా, నెమ్మదిగా కాలాలి.

మా గరాజు వేసవిలో పొయ్యిలా ఉంటుంది. 2021 ఫిబ్రవరి మంచు తుఫానుకు అక్కడి మంచినీళ్ళ సీసాలు గడ్డకట్టాయి. అలా పదిహేనేళ్ళు వేడికి, చలికి లోనైతే మందు, కాగితం ఒకేలా సాగవు, ఒకేలా కుంచించుకోవు. మందులో పగులు వస్తుంది, లేదా గొట్టానికీ మందుకూ మధ్య సందు ఏర్పడుతుంది. మంట ఆ సందులో దూరితే ఒకేసారి ఎక్కువ మందు అంటుకుంటుంది. వాయువులకు ఆ చిన్న రంధ్రం చాలదు, గొట్టం పగిలిపోతుంది. బయటికి మాత్రం ఇంజను కొత్తదానిలాగే కనబడుతుంది.

మిగిలిన పాత ఇంజన్లన్నీ మెత్తబడి విడిపోయేదాకా బకెట్టు నీళ్ళలో నానబెట్టి పారేశాను. ఇది పెద్దలు చేయవలసిన పని. పెట్టె మొత్తం పరిశీలిస్తే ఇంకా ఏం బయటపడ్డాయో చూడండి:

పారాచూట్‌ను పట్టుకునే రబ్బరు తాడు లాగగానే పుటుక్కున తెగింది.
ఏళ్ళ తరబడి మడతపెట్టిన ప్లాస్టిక్ పారాచూట్ అతుక్కుపోయి విప్పుకోలేదు.
మీట పెట్టెలోని బ్యాటరీలు కారిపోయి తుప్పు పట్టాయి.
పాత రాకెట్టు రెక్కల జిగురు వదిలి, వేలు తగిలితే ఊగుతున్నాయి.

వీటిలో ఏ ఒక్కటైనా ప్రయోగాన్ని చెడగొట్టగలదు.

ఇంజను మీది అంకెలు

ఏ8-3 అంటే ఏమిటి? అక్షరం ఇంజను మండినంతసేపూ ఇచ్చే మొత్తం తోపుడును చెబుతుంది. దీన్ని ప్రచోదనం అంటారు. 'ఏ' ఇంజనుకు గరిష్ఠంగా 2.5 న్యూటన్ సెకన్లు, 'బి'కి 5, 'సి'కి 10. ఒక్కో అక్షరానికి రెట్టింపు అన్నమాట. మొదటి అంకె సగటున తోసే బలం, న్యూటన్లలో. చివరి అంకె మందు అయిపోయాక పారాచూట్ బయటికి రావడానికి పట్టే సెకన్లు. ఆ అంకె మరీ ఎక్కువైతే రాకెట్టు కిందికి పడుతుండగా పారాచూట్ వస్తుంది. మరీ తక్కువైతే ఇంకా వేగంగా పోతుండగానే వచ్చి చిరిగిపోతుంది.

తారాజువ్వకు పుల్ల ఎందుకు?

దీపావళికి తారాజువ్వ వెలిగించినప్పుడు దానికి పొడుగాటి పుల్ల ఎందుకుందో ఎప్పుడైనా ఆలోచించారా? పుల్ల విరిగిన జువ్వ గిరగిరా తిరిగి ఎవరి మీదికో పోతుంది. పొడుగు పుల్ల వెనక ఉంటే, జువ్వ పక్కకు ఒరిగినప్పుడు గాలి ఆ పుల్లను తోసి మళ్ళీ దారిలో పెడుతుంది. మోడల్ రాకెట్టుకు వెనకున్న రెక్కలు చేసే పని అదే.

లెక్కగా చెప్పాలంటే, బరువంతా ఒకచోట ఉన్నట్టు అనిపించే బిందువు గరిమనాభి. గాలి తోపుడంతా ఒకచోట ఉన్నట్టు అనిపించే బిందువు ఇంకొకటి. గరిమనాభి ఎప్పుడూ ముందుండాలి. రెండింటి మధ్య కనీసం గొట్టం మందమంత దూరం ఉండాలి. పరీక్షించడం తేలికే. ఇంజను పెట్టిన రాకెట్టుకు గరిమనాభి దగ్గర దారం కట్టి తల చుట్టూ తిప్పండి. ముక్కు ముందుండి పోతే మంచిది. తోక ముందుకొస్తే ముక్కులో కొంచెం బంకమట్టి పెట్టి బరువు పెంచాలి.

మరిచిపోకూడని నియమాలు

మైదానం యజమాని అనుమతి, పెద్దల తోడు ఉండాలి. ఊళ్ళో మంటల నిషేధం ఉన్న రోజుల్లో, గడ్డి ఎండిపోయినప్పుడు ఎగరేయకూడదు.
'డి' వరకు ఉన్న ఇంజన్లకు కనీసం 15 అడుగుల దూరంలో నిలబడాలి.
'ఏ' ఇంజనుకు మైదానం కనీసం 100 అడుగులు, 'బి'కి 200, 'సి'కి 400 అడుగులు ఉండాలి.
గాలి గంటకు 20 మైళ్ళు మించితే ఇంటికి వెళ్ళిపోవాలి.
మీట నొక్కినా వెలగకపోతే తాళం తీసేసి, ఒక నిమిషం ఆగాకే దగ్గరికి వెళ్ళాలి.
కరెంటు తీగల మీద చిక్కుకున్న రాకెట్టును వదిలేసుకోవాలి.

మళ్ళీ ఎగిరింది

అక్టోబరులో రెండో రాకెట్టు సిద్ధమైంది. మావాడు మళ్ళీ "తాతయ్య" అని రాసి, పక్కన "2" అని చేర్చాడు. ఈసారి కొత్త ఏ8-3 ఇంజను. 'సి' పెడితే ఇంకా పైకి పోతుంది కదా అని నేనే ఆశపడ్డాను. "ముందు చిన్నది నాన్నా" అని వాడే ఆపాడు. మైదానంలో జాబితా చేతబట్టుకుని ఒక్కొక్కటే వాడు చదివాడు, నేను "చూశాను" అన్నాను.

చువ్వ వదిలి సుయ్యిమంటూ లేచింది. మా అమ్మాయి 50 మీటర్ల దూరం నుంచి కోణమానినికి దారం, చిన్న బరువు కట్టిన పరికరంతో కోణం చూసింది: 60 డిగ్రీలు. దాని టాంజెంటు 1.73, దాన్ని 50తో గుణిస్తే సుమారు 86 మీటర్ల ఎత్తు. నారింజ రంగు పారాచూట్ విచ్చుకుని, మాకు నాలుగడుగుల దూరంలో దిగింది. ఆ రాత్రి వీడియో చూసి మా నాన్నగారు మనవణ్ణి అడిగిన మొదటి ప్రశ్న, "ఇంతకీ మొదటిది ఎందుకు పేలిందిరా?" అనే. వాడు తెలుగులోనే, మధ్యమధ్య ఆగుతూ, మొత్తం చెప్పాడు.

మన బడిలో కొందరు తల్లిదండ్రులు, "తెలుగు రాసి ఇరవై ఏళ్ళయిందండీ, ఇప్పుడు పిల్లలకేం చెబుతాము?" అంటుంటారు. వారికి నేను చెప్పేది ఒక్కటే. వదిలేసిన పనికి తిరిగి వచ్చినప్పుడు "నాకు తెలుసు" అనుకోకుండా, చిన్న ఇంజనుతో మొదలుపెడదాం. పిల్లల పక్కన కూర్చుని మళ్ళీ అ, ఆలు దిద్దడంలో చిన్నతనం ఏమీ లేదు.

పిల్లలకు ఇంటిపని

1. సి6 ఇంజను మొత్తం ప్రచోదనం 10 న్యూటన్ సెకన్లు, సగటు బలం 6 న్యూటన్లు అనుకుంటే అది ఎన్ని సెకన్లు మండుతుంది?
2. మీరు 60 మీటర్ల దూరంలో నిలబడితే రాకెట్టు 45 డిగ్రీల కోణంలో కనబడింది. ఎత్తెంత?
3. తారాజువ్వకు పుల్ల ఎందుకుంటుందో మీ తాతయ్యకో, అమ్మమ్మకో ఫోను చేసి తెలుగులో చెప్పండి. వారు తిరిగి అడిగిన ప్రశ్న రాసుకుని తరగతికి తీసుకురండి.