ఉప్పుగాలిలో కెమెరా కటకము

బారువ సముద్రతీరమున గంటసేపు నిలిచి వచ్చినవాని కండ్లజోడును పరీక్షించినచో దానిపై సన్నని మసకపొర కనబడును. అలల తుంపర గాలిలో తేలివచ్చి, అద్దముపై ఆరి, మిగిల్చిన ఉప్పు అది. కెమెరా కటకమునకును ఆ ఉప్పే పట్టును. కండ్లజోడును నీటితో కడుగుదుము. కటకము నట్లు కడుగరాదు. పొడిగుడ్డతో రుద్దుట మరింత కీడు. ఉప్పుపలుకులు, ఇసుకరేణువులు గుడ్డక్రింద చిక్కి కటకముపైనుండు పలుచని పూతను గీచివేయును.

ఇట్టి చోట ఫిల్టరు మేలు. ఇది కటకము ముందరి మరలలో బిగించెడి గాజుబిళ్ల. దాని కొలత 52, 58, 67, 77 మిల్లీమీటర్లు మొదలుగా పలువిధముల నుండును; తన కటకమునకు సరిపోవు కొలత నెరిగి కొనవలెను. ఫిల్ము కాలమున అతినీలలోహిత కిరణములు దూరపు కొండలను మసకబార్చుచుండుటచే ఈ ఫిల్టరు చిత్రమునకే అవసరమయ్యెను. నేటి డిజిటలు కెమెరాలలో సెన్సారు ముందరి పొరయే ఆ కిరణములను చాలవరకు ఆపును గనుక, ఇప్పుడిది ముఖ్యముగా కాపలాకే.

అయినను దాని నెల్లప్పుడును తగిలించియుంచుట మాకు సమ్మతము కాదు. పూతలేని గాజు యొక్క ఒక్కొక్క ముఖమునుండి వెలుగులో నూటికి సుమారు 4 పాళ్లు వెనుకకు మరలును. ఫిల్టరునకు ముఖములు రెండు. మన తీరమున సూర్యుడు సముద్రము మీదనే ఉదయించును గదా! ఆ ఉదయమును తీయునపుడు ఈ మరలిన వెలుగు లేనిచోట మరియొక చిన్న సూర్యుని చూపవచ్చును. అప్పుడు ఫిల్టరును విప్పి, చిత్రము తీసి, వెంటనే మరల బిగింపవలెను. నాసిరకపు ఫిల్టరుకంటె వట్టి కటకమే నయము.

హుడ్డు కటకమునకు చూరువంటిది. సూర్యుడు చిత్రములోనే యున్నచో అది ఏమియు చేయజాలదు. ప్రక్కలనుండి పడు వెలుగు నాపును. టెక్కలి చేరువనున్న తేలినీలాపురమున చెట్లపై గూళ్లు కట్టుకొను గూడబాతులను, ఎర్రకాళ్ల కొంగలను తీయువారికి తలపైని ఆకాశమంతయు ప్రక్కవెలుగే. అచ్చట పొడవైన హుడ్డు ఎంతో ఉపకరించును. కొమ్మ తగిలినను దెబ్బ ముందుగా దానికే. విశాలదృశ్యపు కటకమునకు అదే హుడ్డు పెట్టినచో చిత్రపు మూలలు నల్లబడును. అందుచే దాని హుడ్డును పూరేకులవలె కోసియుంతురు.

ఇంత జాగ్రత్త యేల యందురేమో! 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస చేరువను తీరము దాటి, ఉద్దానపు కొబ్బరి, జీడి తోటలను కూల్చెను. కూలిన తోటకు తుఫానునకు ముందు తీసిన చిత్రము మసకదైనచో, దానిని మరల తీయుట యెట్లు?

తీరమునుండి రాగానే మొదట రబ్బరు బుడ్డితో ఇసుకను ఊదివేయవలెను. పిదప ఫిల్టరును విప్పి, మంచినీట కడిగి, మెత్తని గుడ్డతో అద్ది, నీడన ఆరనిచ్చి, తడి యేమాత్రము లేకుండ చూచుకొనియే మరల బిగింపవలెను.