గాయం ఒకచోట, కోత మరొకచోట ఎందుకు?

ఖమ్మం – భద్రాచలం దారిలో లారీ ప్రమాదాలలోను, గ్రానైటు క్వారీలలోను కాలు నలిగినవారు హైదరాబాదులో పెద్ద ఆపరేషను చేయించుకొని, తరువాతి డ్రెస్సింగుల కొరకు ఖానాపురం హవేలిలో మా వద్దకు వస్తుంటారు. వారి ఇంటివారు అడిగే ప్రశ్న ఒక్కటే. "దెబ్బ చీలమండ పైన తగిలితే, పిక్కలో అంత పైకి ఎందుకు కోశారండీ?"

కాలి ముందరి ఎముక మీద చర్మం తప్ప కండ లేదు. చర్మం ఊడితే ఎముక బయటపడుతుంది. మోకాలి దగ్గరైతే పిక్క కండను తిప్పి కప్పవచ్చు. చీలమండ దగ్గరకు అది అందదు. అందుచేత వీపు కండనో, తొడ చర్మాన్నో దాని ధమని, సిరలతో సహా వేరుచేసి తెచ్చి, మైక్రోస్కోపు కింద కాలి రక్తనాళాలకు కుడతారు. దీనినే ఫ్రీ ఫ్లాప్ అంటారు. 1973లో మెల్‌బోర్న్ డాక్టర్లు ఇలా చర్మాన్ని అతికించినది కాలి గాయం మీదనే.

తెచ్చిన కండ బ్రతకాలంటే రక్తం కావాలి. ఆ రక్తం ఎక్కడినుండి తీసుకోవాలన్నదే అసలు సమస్య.

మోకాలి కింద మూడు ముఖ్యమైన ధమనులున్నాయి. ముందువైపుది ఎముకను ఆనుకొని పోతుంది కనుక ఎముక విరిగినప్పుడు తరచు అదే దెబ్బతింటుంది. పిక్క కండల చాటున వెనుకగా పోయేదానికి రక్షణ ఎక్కువ. అందుకే డాక్టర్లు ఎక్కువసార్లు దానినే ఎంచుకుంటారు. మూడవది పెరోనియల్ ధమని, బయటివైపు ఎముక పక్కన లోతుగా ఉంటుంది.

అయితే పైకి కనిపించే పుండుకంటే లోపలి దెబ్బ విస్తారమైనది. చుట్టుపక్కల నాళాలు వాచి, కణజాలానికి అతుక్కొని, ముట్టుకుంటే చిరిగేలా ఉంటాయి. అక్కడ కుట్టితే రక్తం గడ్డకట్టే ప్రమాదముంది. సాగర్ ఎడమ కాలువ కింద వ్యవసాయం చేసేవారికి ఇది వేరే చెప్పనక్కరలేదు. గండి పడినచోట ఎవరూ తూము పెట్టరు. గట్టు గట్టిగా ఉన్న ఎగువన పెడతారు. పిక్కలో కోత అందుకే.

మరొక జాగ్రత్త కూడా ఉంది. కొందరికి ప్రమాదం తరువాత పాదానికి రక్తమిచ్చే ధమని ఒక్కటే మిగులుతుంది. దానిని పూర్తిగా కోసి కండకు మళ్ళిస్తే, చివరి ఆయకట్టు ఎండినట్లు పాదం చచ్చుబడుతుంది. అటువంటప్పుడు ధమని పక్కన చిన్న రంధ్రం చేసి అక్కడ కుడతారు. పాదానికీ రక్తం ఆగదు. ఆపరేషనుకు ముందు పాదం మీద, లోపలి చీలమండ వెనుక నాడి చూడటం, డాప్లర్ పరీక్ష, అవసరమైతే సి.టి. యాంజియోగ్రాం చేయడం ఇది తేల్చుకోవడానికే. "ఎక్స్‌రే తీశారు గదా, మళ్ళీ ఇవెందుకు" అని విసుక్కోకండి.

ధమని ఎంత ముఖ్యమో సిర కూడా అంతే. కండలోకి వచ్చిన రక్తం తిరిగి పోవాలి గదా! వీలైతే రెండు సిరలు కలుపుతారు.

కాలయాపన గురించి చెప్పక తప్పదు. స్లొవేనియా డాక్టరు మార్కో గొడినా 532 మంది ఫలితాలను 1986లో ప్రకటించారు. 72 గంటలలోపు చేసినవారిలో ఫ్లాప్ పాడైనది 0.75 శాతం. ఆ తరువాత మూడు నెలలలోపు చేసినవారిలో 12 శాతం. ఇప్పుడు మెరుగైన పద్ధతుల వలన ఆలస్యమైనవారికి కూడా బాగానే చేయగలుగుతున్నారు. అయినా ఎముక కనిపించే గాయంతో కట్టు వైద్యుని వద్ద పసరు వేయించుకొని, నాలుగు రోజుల తరువాత వచ్చేవారిని చూసినప్పుడు మాకు బాధ కలుగుతుంది.

ఆపరేషను అయిన మొదటి రెండు మూడు రోజులు నర్సు గంట గంటకు కండను చూస్తుంది. పాలిపోయి చల్లబడితే ధమని మూసుకుపోయిందేమోనని, నీలంగా ఉబ్బితే సిర మూసుకుపోయిందేమోనని అనుమానం. వెంటనే థియేటరుకు తీసుకువెళితే చాలాసార్లు కాపాడవచ్చు. అందువలన రాత్రి తోడున్నవారు రంగు మారితే తెల్లవారేదాకా ఆగవద్దు, నర్సును లేపైనా చెప్పండి. బీడీ, చుట్ట మంచం దగ్గరకు రానివ్వకండి, చూడవచ్చినవారివైనా సరే. పొగాకు ఈ సన్నని నాళాలను బిగించివేస్తుంది.