లౌఫెన్‌బుర్గ్ వెళ్తున్న మేనకోడలికి

చిరంజీవి అమ్మలుకి,

నీ మొదటి సైటు లౌఫెన్‌బుర్గ్ అని మీ అమ్మ చెప్పగానే సంతోషమేసింది. సర్వేలో మా కింద చేరిన కుర్రాళ్లకు లెవెలింగు నేర్పేటప్పుడు నేను ఆ ఊరి కథే చెప్పేవాణ్ణి.

సుమారు 9,000 మంది ఉండే చిన్న ఊరది. రైన్ నదికి కుడి ఒడ్డున, జర్మనీకి నైరుతి కొసన ఉంటుంది. ఎడమ ఒడ్డున ఉన్నదీ లౌఫెన్‌బుర్గే, కానీ అది స్విట్జర్లాండు. హాబ్స్‌బర్గుల ఏలుబడిలో రెండు ఒడ్లూ కలిసి ఒకే ఊరు. 1801లో నెపోలియన్ కాలపు ల్యూనెవిల్ ఒప్పందం నదిని సరిహద్దు చేసి ఊరిని చీల్చింది. అయినా ఇప్పటికీ రెండు పక్కలా ఒకే అలెమానిక్ యాసలో మాట్లాడుకుంటారు. జాలరుల సంఘం ఒకటుంది, 1386 నాటిదని చెప్పుకుంటారు. దాని కార్నివాల్ వేడుకలో రెండు ఒడ్లవాళ్లూ ఉంటారు. ఎదుటివాళ్లను 'అవతలి దేశంవాళ్లు' అని విడదీసి మాట్లాడకు, నొచ్చుకుంటారు.

నది అక్కడ బండల మధ్య ఇరుక్కుని ఉరకలు వేసేదట. సరుకు దింపేసి, ఖాళీ పడవను తాళ్లతో పట్టి దిగువకు వదిలేవారు. 1793లో మాంటేగ్యూ అనే ఇంగ్లీషు ప్రభువు స్నేహితుడితో కలిసి పడవలోనే దాటబోయి, ఇద్దరూ మునిగిపోయారు. ఆ ఉరవడిలో సాల్మన్ చేపలు పట్టుకుని ఊరు బతికింది. 1908-1914 మధ్య జలవిద్యుత్ కేంద్రం కట్టడానికి ఆ బండలను పేల్చేశారు. ఇప్పుడు నీకు కనిపించేది నిదానంగా పారే నీరు. కరెంటు వచ్చింది, చేప పోయింది. జీవితమంతా ప్రాజెక్టుల మీద పనిచేసినవాణ్ణి కదా, ఇది తలచుకుంటే మనసు చివుక్కుమంటుంది. నువ్వు గీసే ప్రతి గీత కింద ఎవరి బతుకుందో కనుక్కో.

ఇక అసలు సంగతి. 2003లో అక్కడ కొత్త వంతెన రెండు వైపుల నుంచీ కడుతుంటే, రెండు వైపులకూ ఎత్తులో 54 సెంటీమీటర్ల తేడా వచ్చింది. జర్మనీ ఎత్తులకు మూలం ఆమ్‌స్టర్‌డామ్ దగ్గరి సముద్రమట్టం, స్విస్ వాళ్ల మూలం మార్సెయ్ దగ్గరి మధ్యధరా సముద్రమట్టం. రెండింటికీ 27 సెంటీమీటర్ల తేడా. ఆ తేడా ఇంజనీర్లకు ముందే తెలుసు, లెక్కలోకి తీసుకున్నారు కూడా. కాకపోతే తీసేయాల్సిన చోట కలిపారు, తప్పు రెట్టింపయింది. వంతెన కలవక ముందే పట్టుకుని సరిచేశారు, 2004లో తెరిచారు.

ఈ కథ విని నవ్వేవాళ్లను చాలామందిని చూశాను. నాకు మాత్రం భయమేస్తుంది. తెలియక చేసిన తప్పయితే చదువుతో పోతుంది. ఇది తెలిసినవాళ్లు చేసినది, కాగితం మీద కూడికా తీసివేతా అన్న ఒక్క గుర్తు దగ్గర. అందుకని అమ్మలూ, అంకె రాసి ఊరుకోకు. రెండు మట్టాలనూ బొమ్మ గీసి, ఏది పైన, ఏది కింద అని బాణం వెయ్యి. డ్రాయింగు మీద ఎత్తు పక్కన అది ఏ మూలం నుంచి కొలిచినదో రాయి. చివరికి, ఆ లెక్క చేయని మనిషి చేత మళ్లీ చేయించు. పెద్ద ఇంజనీరు సరేనన్నా సరే, అడగడానికి మొహమాటపడకు.

పాత ఊళ్లో రోబర్ట్ మైలార్ట్ 1911లో కట్టిన కమాను వంతెన ఉంది. సెలవు రోజున దాని మీద నడిచి అవతలికి వెళ్లు. స్విట్జర్లాండు 2008 నుంచి షెంగెన్‌లో ఉంది, మామూలుగా ఎవరూ ఆపరు. కానీ అది యూరోపియన్ యూనియన్‌లో లేదు గనక సామాన్ల మీద కస్టమ్స్ ఉంటుంది. పాస్‌పోర్టు, రెసిడెన్స్ కార్డు రెండూ వెంట ఉంచుకో.

చేరగానే మీ సైటు లెవెల్ పుస్తకంలో మొదటి పేజీ ఎలా రాశావో నాకు ఫోటో తీసి పంపు.

ఆశీస్సులతో,
మావయ్య