మొక్కల జీనోమ్‌ను మలిచే పునరావృత డీఎన్‌ఏ

మొక్కజొన్న జీనోమ్‌లో దాదాపు 85 శాతం ట్రాన్స్‌పోజాన్లే. ఇవి చోటు మారగల డీఎన్‌ఏ ముక్కలు. ఒకే వరుస వేలసార్లు కనిపిస్తుంది కాబట్టి వీటిని పునరావృత డీఎన్‌ఏ అంటారు. క్రోమోజోముల్లోని సెంట్రోమియర్ల వద్ద బారులుగా పేరుకునే శాటిలైట్ డీఎన్‌ఏ కూడా ఈ కోవలోదే.

ట్రాన్స్‌పోజాన్లను 1940లలో బార్బరా మెక్‌క్లింటాక్ మొక్కజొన్న గింజల మీది మచ్చలను గమనించి కనుగొన్నారు. రంగునిచ్చే జన్యువులో ట్రాన్స్‌పోజాన్ దూరితే గింజ రంగు పోతుంది. గింజ ఎదిగేటప్పుడు కొన్ని కణాల్లో అది బయటికి పోతే అక్కడ మాత్రం రంగు తిరిగొచ్చి మచ్చ పడుతుంది. ఇంత గొప్ప పరిశీలనకు నోబెల్ బహుమతి 1983లో గానీ దక్కలేదు.

ట్రాన్స్‌పోజాన్లలో రెట్రోట్రాన్స్‌పోజాన్లు ముఖ్యం. అవి ఆర్‌ఎన్‌ఏ ద్వారా నకళ్లు తీసుకుంటాయి. అసలు ప్రతి ఉన్నచోటే ఉంటుంది. అందుకే జీనోమ్ ఉబ్బుతుంది. ఒరైజా ఆస్ట్రేలియెన్సిస్ అనే అడవి వరి జీనోమ్ గత 30 లక్షల ఏళ్లలో ఇలాగే రెట్టింపైంది. పురుగులను తినే యుట్రిక్యులేరియా గిబ్బా అనే మొక్క ఇందుకు విరుద్ధం: దాని జీనోమ్‌లో పునరావృత భాగం చాలా స్వల్పం.

ఒకప్పుడు పునరావృత డీఎన్‌ఏను ‘చెత్త డీఎన్‌ఏ’ అన్నారు. ఆ పేరు తప్పు. టియోసింటే అనే గడ్డి మొక్కజొన్నగా మారడంలో టీబీ1 జన్యువు దగ్గర చేరిన హాప్‌స్కాచ్ రెట్రోట్రాన్స్‌పోజాన్ పాత్ర ఉంది. అది ఆ జన్యువు పనిని పెంచి పక్క కొమ్మలను తగ్గించింది. మెండెల్ ప్రయోగాల్లోని ముడతల బఠాణీకి కారణం కూడా పిండిపదార్థం తయారీకి సంబంధించిన జన్యువులో దూరిన ట్రాన్స్‌పోజాన్ లాంటి డీఎన్‌ఏ ముక్కే.