రెండు భాషలకు ఒకే గ్రంథాలయం

మన ఆరాంఘర్ నుండి నగరంలోనికి వెళ్లి అఫ్జల్‌గంజ్ చేరినచో, మూసీ ఒడ్డున రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం దర్శనమిస్తుంది. 1891లో ఆసఫియా గ్రంథాలయంగా వెలసిన ఈ సంస్థలో ఉర్దూ, పారశీక, అరబ్బీ గ్రంథాలతోపాటు తెలుగు గ్రంథాలూ కొలువుదీరి ఉన్నాయి. 1901లో కొమర్రాజు లక్ష్మణరావు ప్రభృతుల కృషితో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం ఇదే నగరంలో అవతరించింది. ఒకే ఊరిలో రెండు భాషలకూ నీడ దొరికింది.

అయినను మనలో అనేకులు ఒక్క భాష అలమారా వద్దనే ఆగిపోతున్నాము. అందువలన నగర చరిత్రలో సగమే మనకు దక్కుతున్నది. ఉర్దూ లిపి రాని మిత్రులు దాశరథి 'గాలిబు గీతాలు' చదువవలెను. ఉర్దూ మాధ్యమ మిత్రులు నిదానంగానైనా సురవరం ప్రతాపరెడ్డి 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర' చదువవలెను. తెలుగులో తొలి సాహిత్య అకాడమీ పురస్కారం, 1955లో, ఆ గ్రంథానికే లభించింది. తెలంగాణ పల్లె బ్రతుకు తెలియగోరువారికి దాశరథి రంగాచార్య 'చిల్లర దేవుళ్లు' ఉన్నది.

ఏటా నవంబరు 14 నుండి 20 వరకు జరిగే గ్రంథాలయ వారోత్సవాలలో ఒక సాయంత్రం గాలిబు గజలును ఒకరు ఉర్దూలో, దాని అనువాదాన్ని వేరొకరు తెలుగులో చదివే సభ జరుపవలెనని కళాశాల కమిటీవారికి మా మనవి. ఇంటిపన్నుతోపాటు మన పెద్దలు గ్రంథాలయ పన్నునూ చెల్లిస్తున్నారు. కనుక గ్రంథాలయం ఒకరు పెట్టిన భిక్ష కాదు, మన సొత్తు. సొత్తును అనుభవించనివాడు ఉండియు పేదవాడే.