రౌటర్‌లో క్యూఓఎస్ సెట్టింగ్స్: ఆరు నెలల తర్వాత కూడా అర్థమయ్యేలా రాసుకోవడం ఎలా?

రౌటర్‌లో క్యూఓఎస్ ఆన్ చేయడం రెండు నిమిషాల పని. కష్టమంతా తర్వాతే. కాల్ కట్ అవుతోందని ఆరు నెలలకు మళ్లీ పేజీ తెరిస్తే "రూల్ 3: 192.168.1.112 – హై" అని కనిపిస్తుంది. ఆ 112 ఏ డివైజ్? దానికి హై ఎందుకిచ్చాం? గుర్తుండదు. అందుకే ఈసారి స్పీడ్ ట్రిక్కులు పక్కనపెట్టి, చదవగలిగే, రిపేరు చేసుకోగలిగే కాన్ఫిగరేషన్ గురించి చూద్దాం. మెనూ పేర్లు ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీవి. పద్ధతి మాత్రం ఏ రౌటర్‌కైనా ఒకటే.

ముందు జబ్బేంటో తెలియాలి

కొల్లేరునే తీసుకోండి. బుడమేరు, తమ్మిలేరు లాంటివి నీళ్లు తెచ్చి పోస్తాయి. సముద్రానికి దారి మాత్రం ఉప్పుటేరు ఒక్కటే. వచ్చే నీరు ఉప్పుటేరు మోయగలిగినదానికంటే ఎక్కువైతే సరస్సు ఉబ్బుతుంది, నీరు రోజుల తరబడి నిలుస్తుంది. మీ మోడెమ్‌లోని బఫర్ కూడా ఇంతే. అప్‌లోడ్ నిండగానే ప్యాకెట్లు అక్కడ క్యూ కడతాయి, పింగ్ 15 నుంచి 300 మిల్లీసెకన్లకు ఎగబాకుతుంది. దీన్నే బఫర్‌బ్లోట్ అంటారు. దీనికి మందు ఎస్‌క్యూఎం. అందులోని కేక్ అనే పద్ధతి 2018లో లైనక్స్ 4.19తో కెర్నల్‌లోకే వచ్చేసింది.

రూల్ రాయకపోవడమే మొదటి రూల్

తాడేపల్లిగూడెంలో నిట్ దగ్గర నలుగురు కుర్రాళ్లు ఒకే కనెక్షన్ పంచుకుంటున్నారనుకోండి. ఒకరు బీజీఎంఐ, ఒకరు డౌన్‌లోడ్, ఇద్దరు యూట్యూబ్. ఇక్కడ ఒక్క రూల్ కూడా అక్కర్లేదు. కేక్‌లో ఒక్కో డివైజ్‌కు సమాన వాటా ఇచ్చే ఆప్షన్ ఆన్ చేసి, వేగ పరిమితి సరిగ్గా పెడితే చాలు.

పరిమితి అంటే ప్లాన్‌లో రాసిన అంకె కాదు. కేబుల్ పెట్టి, వేర్వేరు సమయాల్లో మూడుసార్లు కొలిచిన వేగాల్లో తక్కువదాంట్లో 90 శాతం. అప్‌లోడ్ 20 ఎంబీపీఎస్ వస్తే 18000 అని రాయండి, ఎందుకంటే అక్కడ యూనిట్ కిలోబిట్లు. పక్కనే నోట్ పెట్టండి: "కొలిచింది 20, పెట్టింది 18, ఫలానా తేదీ". రేపు ప్లాన్ మారితే ఏది మార్చాలో ఆ నోటే చెబుతుంది.

రూల్ తప్పనిసరైతే

ఇప్పుడు ఆకివీడు వైపు ఒక ఇల్లు ఊహించుకుందాం. ఇంటి పక్కనే రొయ్యల చెరువు. ఏరేటర్ ఆగితే నాన్న ఫోన్‌కు మెసేజ్ పంపే అలారం బాక్స్ ఉంది. కెమెరాల రికార్డింగ్ బాక్స్ రాత్రిపూట క్లౌడ్‌కు కాపీ చేస్తుంది. అక్కకు ఇంటి నుంచే ఉద్యోగం. చెరువులో ఆక్సిజన్ బాగా పడిపోయేది తెల్లవారుజామునే. సరిగ్గా అప్పుడే క్లౌడ్ కాపీ అప్‌లోడ్‌ను నింపేస్తుంటే అలారం మెసేజ్ ఆలస్యం కావచ్చు, ఒక్కోసారి టైమవుట్ కూడా కావచ్చు. ఇక్కడ ప్రాధాన్యం తేల్చాల్సిందే.

చాలామంది రాసేది ఇలా ఉంటుంది: "పోర్ట్ 443 – హై". వెబ్‌సైట్లు, యూట్యూబ్, క్లౌడ్ కాపీ దాదాపు అన్నీ 443 మీదే వెళ్తాయి. అందరినీ వీఐపీ లైన్‌లో నిలబెడితే అది మామూలు లైనే! దాని బదులు ఇలా రాయండి:

- చెరువు-అలారం | 192.168.1.20 | ఈఎఫ్ | ఏరేటర్ ఆగితే మెసేజ్ వెంటనే వెళ్లాలి
- అక్క-ల్యాప్‌టాప్ | 192.168.1.30 | ఏఎఫ్41 | ఆఫీస్ వీడియో కాల్స్
- కెమెరా-రికార్డింగ్ | 192.168.1.40 | సీఎస్1 | మిగతావాళ్లు వాడనప్పుడు లింక్ మొత్తం దానిదే

ఎవరు, ఎక్కడ, ఏ గుర్తు, ఎందుకు. "ఎందుకు" రాయలేకపోతే ఆ రూల్ తీసేయండి. ఈ గుర్తులను ఫైర్‌వాల్‌లోని ట్రాఫిక్ రూల్స్‌లో డీఎస్‌సీపీ ఆప్షన్‌తో పెట్టి, కేక్‌ను డిఫ్‌సర్వ్4 మోడ్‌లో ఉంచాలి. ఈ మూడు డివైజ్‌లకూ స్టాటిక్ లీజ్ ఇవ్వండి, లేకపోతే ఐపీ మారి రూల్ ఇంకెవరికో తగులుతుంది. రూల్ పెట్టేది ఫోన్‌కైతే, ఇంటి వైఫైకి ర్యాండమ్ మ్యాక్ ఆఫ్ చేయండి. ఆండ్రాయిడ్ 10 నుంచి అది డిఫాల్ట్‌గా ఆన్‌లోనే ఉంటోంది.

పనిచేయడం లేదా? ఈ వరుసలో వెతకండి

1. లింక్ నిండుతోందా? ఖాళీగా ఉన్నప్పుడు ఒకసారి, పెద్ద ఫైల్ అప్‌లోడ్ అవుతున్నప్పుడు ఒకసారి పింగ్ చూడండి. రెండూ దగ్గరగా ఉంటే క్యూ బాగానే ఉంది. వైఫై సిగ్నల్‌నో, అవతలి సర్వర్‌నో అనుమానించండి.

2. పరిమితి అమలవుతోందా? అప్‌లోడ్‌ను తాత్కాలికంగా 2000కు దించి స్పీడ్ టెస్ట్ చేయండి. దాదాపు 2 ఎంబీపీఎస్ రావాలి. అప్‌లోడ్ బదులు డౌన్‌లోడ్ పడిపోతే మీరు ఎంచుకున్నది ల్యాన్ ఇంటర్‌ఫేస్ అని అర్థం. ఏదీ తగ్గకపోతే ఇంటర్‌ఫేస్ తప్పు, లేదా ఫ్లో ఆఫ్‌లోడింగ్ ఆన్‌లో ఉండి ప్యాకెట్లు ఎస్‌క్యూఎంను దాటేసి వెళ్తున్నాయి.

3. రూల్ తగులుతోందా? కేక్ గణాంకాల్లో ఒక్కో తరగతికి ప్యాకెట్ల లెక్క ఉంటుంది. అలారాన్ని టెస్ట్ చేసి వాయిస్ తరగతి అంకె పెరిగిందో లేదో చూడండి. పెరగలేదంటే ఐపీ మారి ఉండాలి. లేదా రూల్ ఐపీవీ4కు రాశారు, డివైజ్ ఐపీవీ6 మీద మాట్లాడుతోంది. అప్పుడు ఐపీవీ6కీ రూల్ కావాలి.

4. ఒకసారి ఒకటే మార్చండి. మార్చేముందు బ్యాకప్ తీసి, ఫైల్ పేరులో తేదీ పెట్టండి. రెండు సెట్టింగ్స్ ఒకేసారి మారిస్తే ఏది పనిచేసిందో ఎప్పటికీ తెలియదు.

ఒక హెచ్చరిక: కరెంట్ పోతే క్యూఓఎస్ ఏమీ చేయలేదు. చెరువు అలారం లాంటివాటికి రౌటర్‌కు, ఫైబర్ బాక్స్‌కు యూపీఎస్, వీలైతే సిమ్‌తో పనిచేసే రెండో అలారం ఉండాల్సిందే.

చివరగా ఒక పరీక్ష. మీ రూల్స్ లిస్ట్‌ను ఇంట్లో నెట్‌వర్కింగ్ తెలియనివాళ్లకు చూపించండి. ఏది ముందు వెళ్తుందో, ఎందుకో వాళ్లు చదివి చెప్పగలిగితే, మీరు హాస్టల్‌లో ఉన్న రోజు కూడా ఫోన్‌లోనే రిపేరు చేయించవచ్చు.